మ్యాథ్స్ డిగ్రీ: పెట్టేదెంత, వచ్చేదెంత? కోనసీమ నుంచి ఒక లెక్క

అంబాజీపేట_ఆయ్
మేనకోడలికి ఇంటర్ ఎంపీసీలో వెయ్యికి 941. ఈఏపీసెట్ ర్యాంకు మాత్రం లక్ష దాటింది. లెక్కలంటే ప్రాణం, ఫిజిక్సంటే పారిపోద్ది. ఇంట్లో మూడు మాటలు నడుస్తున్నాయి. రాజమండ్రి గవర్నమెంటు కాలేజీలో బీఎస్సీ మ్యాథ్స్, హాస్టల్లో ఉండి. లేదా దగ్గర్లో ప్రైవేటు డిగ్రీ కాలేజీ, రోజూ బస్సు. లేదా మేనేజ్‌మెంట్ సీటులో బీటెక్, ఏడాదికి లక్షన్నర అడుగుతున్నారు, హాస్టల్ వేరే. వాళ్ల నాన్నకి రెండెకరాల కొబ్బరి తోట, బీటెక్ అంటే దానిమీద అప్పే. "లెక్కలు చదివితే చివరికి టీచరే కదా, దానికెంతొస్తాది" అంటున్నాడు. ఎన్నేళ్లకి ఎంతొస్తాదో అంకెలతో చెప్పండి. "పిల్లకి ఇష్టమైంది చదివించండి" అనే జవాబు వద్దండి, అది మేమూ అనగలం.

పద్దుపుస్తకం_పాలకొల్లు
అందరూ ఫీజు అడుగుతారు గానీ ఇందులో ఫీజే చిన్న పద్దు.

గవర్నమెంటు కాలేజీ: ఫీజు, రెండు సెమిస్టర్ల పరీక్ష ఫీజు కలిపి ఏడాదికి 10,000 వేసుకోండి. అంతకంటే తక్కువే అవ్వచ్చు. హాస్టలూ తిండీ నెలకి 5,000, పది నెలలకి 50,000. పుస్తకాలు, రాకపోకలు, రీచార్జి 10,000. ఏడాదికి 70,000, మూడేళ్లకి 2,10,000.

ఇంటి నుంచి బస్సులో ప్రైవేటు కాలేజీకి: ఫీజు 18,000, ఆర్టీసీ పాసూ మిగతావీ 17,000 అనుకుంటే మూడేళ్లకి 1,05,000. అంటే రాజమండ్రికి ఎక్కువయ్యేదంతా హాస్టలే.

బీటెక్: లక్షన్నర ఫీజు, 80,000 హాస్టల్, నాలుగేళ్లకి 9,20,000. మేనేజ్‌మెంట్ సీటుకి ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ఇందులో సగం ఊళ్లో రెండ్రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీయే నెలకి 9,200.

ఇవి జేబులోంచి పోయేవి. జేబులోకి రాకుండా పోయేది ఇంకోటుంది. అదే పిల్ల ఇంటర్‌తో ఆగి ఏ షాపులోనో పద్దులు రాస్తే నెలకి 11,000 అనుకుందాం. మూడేళ్లకి 3,96,000, నాలుగేళ్లకి 5,28,000. కాబట్టి బీఎస్సీ అసలు ధర సుమారు 6 లక్షలు, ఆ బీటెక్ అసలు ధర 14 లక్షల 48 వేలు. నా అంకెల చోట మీ అంకెలు వేసి చూసుకోండి, పద్ధతి మారదు.

లంకగాలి
పిల్ల షాపులో పద్దులు రాస్తే వచ్చే జీతాన్ని కూడా ఖర్చులో రాసేవాణ్ణి ఇప్పుడే చూస్తన్నా. పాలకొల్లు వాళ్లతో వియ్యం అందుకోకూడదండీ బాబూ.

పద్దుపుస్తకం_పాలకొల్లు
@లంకగాలి కట్నం లెక్క వేరే పుస్తకంలో రాస్తాం, కంగారు పడకండి.

భీమవరం_బుల్లోడు
అంకెలు బాగానే ఉన్నాయి గానీ బీటెక్‌తో తలుపులు ఎక్కువ. బ్యాంకు రాయచ్చు, గ్రూప్స్ రాయచ్చు, కావాల్సిన మార్కులుంటే బీఈడీకి కూడా వెళ్లచ్చు. బీఎస్సీతో ఐటీ కంపెనీ గుమ్మం ఎక్కనివ్వరు.

పేపర్_టూఏ
@భీమవరం_బుల్లోడు గుమ్మం ఎక్కనిస్తారండీ, కాపోతే పక్క గుమ్మం. విప్రో విల్ప్ లాంటివి బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ వాళ్లని తీసుకుని ఉద్యోగంతో పాటు ఎంటెక్ చదివిస్తాయి. మొదటి ఏడాది స్టైపెండ్ 15 వేల చిల్లరే, అయిదేళ్ల అగ్రిమెంటు. సంతకం పెట్టేముందు ఆ కాగితం పూర్తిగా చదవాలి.

టీచరు సంగతి అడిగారు కాబట్టి అది చెప్తాను. స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ స్కేలు 44,570–1,27,480. డీఏ, హెచ్‌ఆర్‌ఏ కలిస్తే 60 వేలు దాటుద్ది. సీపీఎస్ పెన్షన్ కోత, ఏపీజీఎల్‌ఐ బీమా, హెల్త్ కార్డు పోగా చేతికి 55 వేల పైచిలుకు. దీనికి డిగ్రీలో మ్యాథ్స్, బీఈడీలో మ్యాథ్స్ మెథడాలజీ, టెట్ (టీచరు అర్హత పరీక్ష) పేపర్ 2ఏ, ఆ తర్వాత డీఎస్సీ, అంటే పోస్టులు భర్తీ చేసే పరీక్ష. ఎడ్‌సెట్ కౌన్సెలింగ్‌లో సీటు దొరికింది కదా అని వేరే మెథడాలజీలో చేరితే మళ్లీ మ్యాథ్స్ పోస్టుకి అర్హత ఉండదు. ఏటా కొందరు ఇక్కడే పోతారు.

ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచరు కావాలంటే బీఈడీ పనికిరాదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది, ప్రాథమిక తరగతులకి డీఎల్‌ఈడీ డిప్లొమా ఉండాల్సిందే. స్కేలు 32,670–1,01,970. ఇంటర్ అవ్వగానే డీఈఈసెట్ రాసి రెండేళ్లలో ఆ కోర్సు అయిపోద్ది. టీచరే కావాలనుకుంటే తక్కువ ఖర్చులో తొందరగా అయ్యే దారి అదే. డిగ్రీని ఆ తర్వాత దూరవిద్యలో చేసుకోవచ్చు.

అంబాజీపేట_ఆయ్
ఎస్‌జీటీ మాట మాకెవరూ చెప్పలేదండి. మరి టెట్ ఎలా ఉంటాది?

పేపర్_టూఏ
150 మార్కులు. ఓసీకి 90, బీసీకి 75, ఎస్సీ ఎస్టీలకి 60 వస్తే పాస్. పాసైపోయాం కదా అని వదిలెయ్యడమే పెద్ద పొరపాటు. డీఎస్సీ ర్యాంకులో టెట్‌కి 20 శాతం వెయిటేజీ. అంటే టెట్‌లో ఏడున్నర మార్కులకి ఇక్కడ ఒక మార్కు. 90 వచ్చినవాళ్లకీ 135 వచ్చినవాళ్లకీ తేడా 6 మార్కులు. డీఎస్సీ స్కూల్ అసిస్టెంట్ పేపర్లో 160 బిట్లకి 80 మార్కులు, బిట్‌కి అర మార్కు. ఆ 6 మార్కులు పూడ్చాలంటే 12 బిట్లు ఎక్కువ కొట్టాలి. టెట్ మళ్లీ రాసి పెంచుకోవచ్చు, ఎక్కువ వచ్చిందే తీసుకుంటారు.

ఎప్సిలాన్_డెల్టా
పద్దు గారి లెక్కలో ఒక వరస లేదు. ఆగిన కాలం.

డీఎస్సీ 2018 అక్టోబరులో వచ్చింది. తర్వాత 2024 ఫిబ్రవరిలో ఒక నోటిఫికేషన్ ఇచ్చి రద్దు చేశారు. మళ్లీ 2025 ఏప్రిల్ 20న 16,347 పోస్టులతో వచ్చింది, అందులో స్కూల్ అసిస్టెంట్లు 7,725. 2019లో బీఈడీ అయినవాళ్లు ఆరేళ్లు కూర్చున్నారు. ప్రైవేటు స్కూల్లో నెలకి 15,000, డీఎస్సీలో చేతికి 55,000 అనుకుంటే ఒక్క ఏడాది ఆగినందుకు 4,80,000 తేడా. ఆరేళ్లకి ఇవాళ్టి స్కేలుతో 28,80,000. పద్దు గారు చెప్పిన మూడేళ్ల హాస్టల్, ఫీజు, రీచార్జి అన్నీ కలిపి 2,10,000. అయిదారు నెలలు ఆగితే అదంతా కరిగిపోయినట్టే. కాబట్టి ఏ కాలేజీ చవక అన్నది చిన్న ప్రశ్న. డిగ్రీ చేతికొచ్చాక ఎన్ని నెలలు ఖాళీ అన్నదే పెద్ద ప్రశ్న.

గట్టుమీదకాకి
@ఎప్సిలాన్_డెల్టా ఆ డబ్బు పోలేదు కదా మాస్టారూ, వెనక్కి జరిగిందంతే. ఆరేళ్లు లేటుగా మొదలయ్యి అదే జీతం వస్తాది.

ఎప్సిలాన్_డెల్టా
రిటైర్మెంటు కూడా ఆరేళ్లు వెనక్కి జరిగితే మీ మాట నిజం. అది 62 దగ్గర కట్టేసి ఉంది. ఆలస్యంగా చేరినవాళ్లకి తగ్గేది సర్వీసు చివరి సంవత్సరాలు, అంటే బేసిక్ బాగా పెరిగి ఉన్న సంవత్సరాలు.

గట్టుమీదకాకి
40 ఏళ్ల తర్వాతి డబ్బుని ఇవాళ్టి డబ్బుతో కూడుతున్నారు. ఏడు శాతం వడ్డీ వేస్తే 40 ఏళ్లకి రూపాయి పదిహేను రూపాయలవుద్ది. తిరగేస్తే అప్పటి పదిహేను ఇవాళ ఒక్క రూపాయి. చివరి జీతం పోయిందని ఏడవడం దండగ.

ఎప్సిలాన్_డెల్టా
సరే, మీ పద్ధతిలోనే వద్దాం. డీఏ, పీఆర్సీ (జీతాల సవరణ) క్యాలెండర్‌తో పెరుగుతాయి, ఎప్పుడు చేరినా వస్తాయి. చేరిన తేదీని బట్టి పెరిగేది ఇంక్రిమెంటు ఒక్కటే, 44,570 దగ్గర అది 1,260. ఏడాది ఆలస్యమైతే ఇప్పటి 4,80,000 పోద్ది, అది ఇవాళ్టి డబ్బే, వడ్డీ తిరగెయ్యక్కర్లేదు. పైగా సర్వీసంతా ఒక ఇంక్రిమెంటు వెనకబడి ఉంటారు. ముందు నుంచి లెక్కేసినా చివర్నుంచి లెక్కేసినా నష్టం మాత్రం గట్టిదే.

గట్టుమీదకాకి
అయితే ఒప్పుకున్నా. 1,260 సంగతి నేను పట్టించుకోలేదు.

లంకగాలి
వీళ్లిద్దరికీ ఎవరైనా డీఎస్సీ ఇప్పించండయ్యా.

భీమవరం_బుల్లోడు
మా వైపు రొయ్యల చెరువు ఇంతే. లీజు, సీడు, మేత, కరెంటు అన్నీ ముందే, కౌంటు పడేదాకా పైసా రాదు. కానీ చెరువుకి నాలుగైదు నెలల్లో తేలిపోద్ది. డీఎస్సీకి ఎప్పుడు తేలుద్దో ఎవడికీ తెలీదు. అందుకే అంటున్నా, తలుపులు ఎక్కువుండాలని.

స్టాటు_తణుకు
తలుపులు బీఎస్సీలోనూ ఉన్నాయి, కాపోతే చేరినప్పుడే ఏర్పాటు చేసుకోవాలి. 2023లో మన రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్ వచ్చింది, అంటే ఒక ముఖ్య సబ్జెక్టు, పక్కన ఒక మైనర్. పాత ఎంపీసీలా మూడు సబ్జెక్టులు సమానంగా ఉండవు. మేజర్ మ్యాథ్స్ అయితే మైనర్ ఏంటన్నది డబ్బుతో ముడిపడిన నిర్ణయం. ఫిజిక్స్ పడదంటున్నారు కాబట్టి స్టాటిస్టిక్స్ గానీ కంప్యూటర్ సైన్స్ గానీ.

స్టాటిస్టిక్స్ ఎందుకంటే, యూపీఎస్సీ పెట్టే ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకి (ఐఎస్‌ఎస్) డిగ్రీలో స్టాటిస్టిక్స్ ఒక సబ్జెక్టుగా ఉండాలి, లేదా పీజీ అందులో చెయ్యాలి. ఉత్త ఎమ్మెస్సీ మ్యాథ్స్‌తో అప్లికేషనే వెయ్యలేరు. బేసిక్ 56,100, వయసు 21 నుంచి 30. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్షలో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ (జేఎస్‌ఓ) బేసిక్ 35,400.

భీమవరం_బుల్లోడు
జేఎస్‌ఓకి ఇంటర్ మ్యాథ్స్‌లో 60 శాతం ఉండి ఏ డిగ్రీ అయినా చాలు. బీటెక్ వాళ్లూ రాస్తున్నారు. దానికోసం స్టాటిస్టిక్స్ చదవక్కర్లేదు.

స్టాటు_తణుకు
అర్హతకి అక్కర్లేదు, నిజమే. సీజీఎల్ రెండో దశ, టైర్ 2లో దానికి ప్రత్యేకంగా స్టాటిస్టిక్స్ పేపరు 200 మార్కులకి ఉంది. శాంప్లింగ్, టైమ్ సిరీస్, ఇండెక్స్ నంబర్లు డిగ్రీలో చదివినవాళ్లకి అది రివిజన్, మిగతావాళ్లకి కొత్త కోర్సు.

ఇంకో మెలిక కూడా చూడండి. స్టాటిస్టికల్ ఇన్వెస్టిగేటర్ గ్రేడ్ 2 పోస్టుకి మూడేళ్లూ, అంటే ఆరు సెమిస్టర్లలోనూ స్టాటిస్టిక్స్ చదివి ఉండాలని నిబంధన. మన సింగిల్ మేజర్‌లో మైనర్ రెండో సెమిస్టర్ నుంచి మొదలవుద్ది. సర్టిఫికెట్ పరిశీలనలో అక్కడ పట్టుకునే ప్రమాదం ఉంది. ఆ పోస్టే గురి అయితే మేజరే స్టాటిస్టిక్స్ పెట్టుకోవడం మంచిది.

జామకాయ_జామ్
ఇప్పటిదాకా అందరూ మూడేళ్ల తర్వాత ఆగిపోయారు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి రాసే జామ్ పరీక్ష సంగతి ఎవరూ ఎత్తలేదు.

జామ్ మ్యాథ్స్ పేపరు 60 ప్రశ్నలు, 100 మార్కులు, 3 గంటలు. మొదటి భాగంలో 30 మల్టిపుల్ చాయిస్, 50 మార్కులు, తప్పుకి మూడో వంతు కోత. రెండో భాగం 10 ప్రశ్నలు, 20 మార్కులు, ఒకటి కంటే ఎక్కువ సరైన జవాబులు ఉండొచ్చు. కోత లేదు గానీ అర మార్కులూ లేవు, మూడు సరైనవైతే మూడూ పెట్టాలి. మూడో భాగం 20 ప్రశ్నలు, 30 మార్కులు, జవాబు అంకె రాయడమే, కోత లేదు.

మన డిగ్రీ పిల్లలు ఎక్కడ దెబ్బతింటారంటే రియల్ అనాలిసిస్‌లో. యూనివర్సిటీ పేపర్లో సిద్ధాంతం రాసి నిరూపణ అప్పజెప్తే మార్కులొస్తాయి. జామ్‌లో "ఈ నాలుగింటిలో ఏవి ఎప్పుడూ నిజం" అని అడుగుతారు. అక్కడ ఏది ఎందుకు తప్పో ఒక ఉదాహరణతో చూపించగలగాలి. సిలబస్ వరస కూడా అనుకూలం కాదు. 2023 పద్ధతిలో రియల్ అనాలిసిస్ నాలుగో సెమిస్టర్లో, లీనియర్ ఆల్జీబ్రా అయిదులో వస్తాయి. పరీక్ష మూడో ఏడాది ఫిబ్రవరిలో. కాలేజీతో పాటు నడిస్తే రివిజన్‌కి రెండు మూడు నెలలే మిగులుతాయి. రెండో సెమిస్టర్ సెలవుల్లోనే సీక్వెన్సులు, సిరీసులు సొంతంగా మొదలెట్టాలి.

అంబాజీపేట_ఆయ్
ఐఐటీలో ఎమ్మెస్సీ చేస్తే మాత్రం? మళ్లీ లెక్చరరేనా?

జామకాయ_జామ్
సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. అయిదేళ్ల పీహెచ్‌డీకి 8,88,000, 15,12,000, కలిపి 24 లక్షలు. చదువుకుంటూ వచ్చే డబ్బు అది. ఆ తర్వాత అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్ 57,700. నెట్ మ్యాథ్స్ పేపర్లో పార్ట్ సీలో ఒక్కో ప్రశ్న 4.75 మార్కులు, 60లో 20 చేస్తే చాలు, కోత లేదు. ఆ 95 మార్కుల మీదే ర్యాంకు ఆడుద్ది.

పీహెచ్‌డీ వద్దంటే ఇంటర్ లెక్చరర్ పోస్టు ఉంది, స్కేలు 57,100–1,47,760. బీఈడీ లేకుండానే స్కూల్ అసిస్టెంట్ కంటే పైన. నోటిఫికేషన్ల ఎడం మాత్రం ఎప్సిలాన్ గారు చెప్పిన జబ్బే.

ఎప్సిలాన్_డెల్టా
"టీచరే కదా" అన్న బావగారికి ఒక మాట. పేరుమోసిన స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో పీజీ చేసే కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లారు. ఆ ఐఎస్‌ఐలో ఇప్పటికీ ట్యూషన్ ఫీజు తీసుకోరు, బీస్టాట్ (స్టాటిస్టిక్స్ డిగ్రీ) పిల్లలకి నెలకి 5,000, ఎంస్టాట్ వాళ్లకి 8,000 తిరిగి ఇస్తారు. ప్రవేశ పరీక్ష మేలో జరిగిపోద్ది కాబట్టి ఈ ఏడాది దాటిపోయింది. డిగ్రీ తర్వాత ఎంస్టాట్, ఎంమ్యాథ్ మిగిలే ఉన్నాయి.

నిట్_గేటు
ఐటీయే కావాలంటే లక్షన్నర బీటెక్ కంటే బీఎస్సీ, ఆపైన నిమ్‌సెట్ రాసి నిట్‌లో ఎంసీఏ. వరంగల్ నిట్ అందులో ఉంది. పేపరు వెయ్యి మార్కులకి, అందులో 600 లెక్కలే. 50 ప్రశ్నలు, ఒక్కోటి 12, తప్పుకి 3 కోత. లెక్కల భాగానికి 70 నిమిషాలు, ప్రశ్నకి 84 సెకన్లు, ఆ సమయం అయిపోతే వెనక్కి రానివ్వదు. సిలబస్ చాలావరకు ఇంటర్ లెక్కలే. 941 వచ్చిన పిల్లకి సరిపోయే పరీక్ష. బీసీఏ వాళ్లు కంప్యూటర్ 120 మార్కుల్లో ముందుంటారు గానీ లెక్కల్లో ఆగిపోతారు.

డిగ్రీలో 60 శాతం ఉండాలి. మైనర్ కంప్యూటర్ సైన్స్ పెట్టుకుంటే ఆ 120 కూడా కలిసొస్తాయి.

భీమవరం_బుల్లోడు
@నిట్_గేటు ఇది మాత్రం బాగుంది. నిట్ పేరుతో క్యాంపస్ వస్తాది. ఒప్పుకున్నా, కానీ నిమ్‌సెట్ రాకపోతే?

నిట్_గేటు
రాకపోతే ఏపీ ఐసెట్‌తో రెండేళ్ల ఎంసీఏ, లేదా బ్యాంకు. పీవో బేసిక్ 48,480, క్లర్కుకి 24,050. ఐబీపీఎస్ అయితే ఏటా వస్తాది. ఆగిన కాలం గురించి పైన అంత చర్చ జరిగింది కదా, అందులో బ్యాంకే మేలు. ఎందుకో జనం చులకనగా చూస్తారు.

ట్యూషన్_టైము
ఖాళీ ఏళ్లు ట్యూషన్‌తో నెట్టుకొస్తామనుకునేవాళ్లకి ఒక లెక్క. పదో తరగతి పిల్లలు పదిహేనుమంది, తలకి 700 అయితే 10,500. మే, జూన్ సున్నా. సంక్రాంతి నెలలో సగం మంది ఇవ్వరు. ఏడాదికి సగటున నెలకి 8,000 చేతికొస్తే గొప్ప. పైగా రాత్రి ఎనిమిదింటిదాకా స్టడీ అవర్లు పెట్టే స్కూళ్లొచ్చాక ట్యూషన్‌కి పిల్లలు దొరికేది తెల్లవారుజామునే. అప్పుడు మీ చదువు సాగదు. డిగ్రీలో ఉండగా పాఠం చెప్పడం మాత్రం మంచిదే, డీఎస్సీ కంటెంటు వచ్చేది అక్కడే.

గట్టుమీదకాకి
యాక్చువరీ, అదే బీమా కంపెనీలకి రిస్కు లెక్కలేసే ఉద్యోగం గురించి ఎవరూ అనలేదేం? యూట్యూబ్‌లో లక్షలంటున్నారు.

స్టాటు_తణుకు
లక్షలు చివర్లో. ప్రవేశ పరీక్ష ఏసెట్, 70 ప్రశ్నలు, 100 మార్కులు, ఇంటర్ తర్వాత కూడా రాయచ్చు. అది పాసైతే ఉద్యోగం రాదు, పేపర్లు రాయడానికి అనుమతి వస్తాది. ఫెలో, అంటే పూర్తి యాక్చువరీ అవ్వాలంటే 13 పేపర్లు, ప్రతి పేపరుకీ ఫీజు. మూడు నాలుగు పేపర్లు పాసైతేగానీ కంపెనీ పలకరించదు, ఆ కంపెనీలు ముంబైలోనో గురుగ్రామ్‌లోనో. సీఎస్1 అనే పేపర్లో కొంత భాగం ఆర్ ప్రోగ్రామింగ్ మీద కంప్యూటర్లో చెయ్యాలి. స్టాటిస్టిక్స్ వచ్చి, ఇంగ్లీషులో రిపోర్టు రాయగలిగితేనే అటు వెళ్లండి.

అంబాజీపేట_ఆయ్
బావకి చదివి వినిపించాం. బీటెక్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టాడు. "నిట్‌లో కంప్యూటరయితే సరే" అంటున్నాడు. మ్యాథ్స్ మేజర్, కంప్యూటర్ సైన్స్ మైనర్ పెడదామా, స్టాటిస్టిక్స్ మైనరా? వెబ్ ఆప్షన్లలో ఏం చూసుకోవాలి?

నిట్_గేటు
గురి నిమ్‌సెట్ అయితే కంప్యూటర్.

స్టాటు_తణుకు
గురి ఇంకా తేలకపోతే స్టాటిస్టిక్స్. కంప్యూటర్ బయట నేర్చుకోవచ్చు, స్టాటిస్టిక్స్ మార్కుల జాబితాలో లేకపోతే ఐఎస్‌ఎస్ తలుపు మూసుకుపోద్ది.

పేపర్_టూఏ
ఓఏఎండీసీ (డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాలు) ఆప్షన్లలో ఒకే కాలేజీ పెట్టి ఊరుకోకండి. మ్యాథ్స్ మేజర్‌కి చేరేవాళ్లు తగ్గిపోయారు, సరిపడా మంది లేకపోతే కాలేజీ ఆ కోర్సు నడపదు, పిల్లల్ని వేరే కోర్సుకి మారమంటారు. ముందు కాలేజీకి వెళ్లి రెండో ఏడాది మ్యాథ్స్‌లో ఎంతమంది ఉన్నారో, మీక్కావాల్సిన మైనర్‌కి లెక్చరర్ ఉన్నారో లేదో అడగండి. వెబ్‌సైట్లో మైనర్ ఉంటాది, కాలేజీలో చెప్పేవాళ్లు ఉండరు.

పద్దుపుస్తకం_పాలకొల్లు
ఏడాది ఆదాయం రెండున్నర లక్షల లోపుంటే రీయింబర్స్‌మెంటుకి అర్హులే, రెండెకరాలు అడ్డం కాదు. ఆదాయ ధ్రువపత్రం సచివాలయంలో ఇప్పుడే పెట్టేయండి. హాజరు 75 శాతం తగ్గితే ఆగిపోద్ది. ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైతే మూడో ఏడాది చివర్లో టీసీ ఇవ్వడానికి ముందు ఫీజు కట్టమనే కాలేజీలున్నాయి. సరిగ్గా ఎంసీఏ కౌన్సెలింగ్ సమయానికే ఆ అడుగుడు వస్తాది. ఒక ఏడాది ఫీజు విడిగా పోస్టాఫీసులో వేసి ఉంచండి.

అంబాజీపేట_ఆయ్
పిల్లని తీసుకుని సోమవారం రాజమండ్రి వెళ్తున్నాం. మైనర్‌కి లెక్చరర్ ఉన్నారో లేదో ముందు కనుక్కుని వచ్చి రాస్తాను.

లంకగాలి
రావులపాలెంలో దిగి పూతరేకులు తెచ్చుకోండి, ఆ ఖర్చు కూడా పద్దు గారు డిగ్రీలోనే రాస్తారు.

పద్దుపుస్తకం_పాలకొల్లు
పూతరేకులు ఆత్రేయపురంలోనే కొనాలి, రావులపాలెంలో మధ్యవాడి కమీషన్ పడుద్ది.